చవక ఎస్కార్ట్ నౌక కావాలి, కానీ చిన్నది కాదు

2025 జులై 6న ఎర్ర సముద్రంలో మ్యాజిక్ సీస్ అనే సరుకు నౌక మీద యెమెన్‌కు చెందిన హూతీ తిరుగుబాటుదారులు దాడి చేశారు. మర్నాడే ఎటర్నిటీ సీ మీద పడ్డారు. రెండూ మునిగిపోయాయి. అప్పటికి ఏడాదిన్నరకు పైగా అవే జలాల్లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ యుద్ధనౌకలు డ్రోన్లను, క్షిపణులను కూలుస్తూ వచ్చాయి. అలాంటి దాడిని ఆపగల నౌకలు లోకంలో లేకపోలేదు. ఆ రెండు రోజులూ ఆ రెండు ఓడల పక్కన లేవు, అంతే.

నౌకాదళాల్లో ఎన్నేళ్లయినా తెగని వాదం ఇక్కడే మొదలవుతుంది. ఎంత శక్తి గల ఓడైనా ఒక సమయంలో ఒక్కచోటే ఉండగలదు. అమెరికా ఆర్లే బర్క్ తరగతి డిస్ట్రాయర్‌నే తీసుకుంటే, తాజా రూపంలో దాని బరువు దాదాపు 9,700 టన్నులు. క్షిపణులు నిలువుగా పెట్టే గదులు 96. సిబ్బంది 300కు పైనే. ధర 250 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. అలాంటిది ఒకటి దూర సముద్రంలో ఏడాది పొడుగునా కాపలా ఉండాలంటే కనీసం మూడు ఉండాలి. ఒకటి కాపలాలో ఉంటే ఇంకొకటి డాక్‌లో మరమ్మతులో ఉంటుంది, మూడోది శిక్షణలోనో దారిలోనో ఉంటుంది. దూరం పెరిగితే మూడు నాలుగవుతాయి. అంటే ఒక్క కాన్వాయ్ (కలిసి సాగే సరుకు ఓడల గుంపు) పక్కన ఒక్క డిస్ట్రాయర్‌ను నిలపడానికి కట్టాల్సిన ఓడల ఖరీదే 750 కోట్ల డాలర్లు.

ఈ లెక్క చూసిన ఎవరికైనా చిన్న ఓడలు, చవక ఓడలు ఎక్కువ కట్టాలనే అనిపిస్తుంది. అందులో చవక ఓడలు ఎక్కువ కావాలన్న మాట నిజం. చిన్న ఓడ కడితే అది చవకగా వస్తుందన్న మాట మాత్రం చాలాసార్లు తప్పింది. ఈ రెండు మాటల్ని ఒకటిగా కలిపేయడం వల్ల ఎన్నో నౌకాదళాలు డబ్బూ పోగొట్టుకున్నాయి, కాలమూ పోగొట్టుకున్నాయి. కొన్ని మనుషుల్నీ పోగొట్టుకున్నాయి.

తిమింగలాల వేట ఓడ నేర్పిన పాఠం

చవక ఎస్కార్ట్ (కాపలా నౌక) అనగానే అందరికీ గుర్తొచ్చేది రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫ్లవర్ తరగతి కార్వెట్ అనే చిన్న యుద్ధనౌక. తిమింగలాలను వేటాడే ఓడ నమూనా ఆధారంగా విలియం రీడ్ దాన్ని రూపొందించాడు. పొడవు 62 మీటర్లు, బరువు 900 టన్నుల పైచిలుకు, వేగం 16 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక సముద్ర మైలు). యుద్ధనౌకలు కట్టిన అనుభవం లేని చిన్న యార్డులు కూడా కట్టగలిగేలా గీశాడు. టర్బైన్ల కొరత ఉండటంతో సరుకు ఓడల్లో వాడే ఆవిరి ఇంజిన్ పెట్టారు. అది నడపడం తెలిసిన మనుషులు ఏ రేవులోనైనా దొరికేవాళ్లు. 200కు పైగా కట్టగలిగారు. అట్లాంటిక్ కాన్వాయ్‌లను మొదట్లో కాచింది ప్రధానంగా ఇవే.

కానీ దాని లోపాలు కూడా అంతే ముఖ్యం. నీటి పైన తేలుతూ వెళ్లే జర్మన్ జలాంతర్గామి 17 నాట్లు దాటేది, అంటే వేటాడే ఓడ కంటే వేట జంతువుదే వేగం ఎక్కువ. పొట్టి ఓడ కావడంతో అట్లాంటిక్ అలల్లో విపరీతంగా ఊగేది, లోపల నిత్యం తడే. నిద్ర లేని మనిషి సోనార్ (ధ్వనితో నీటి కింద వెతికే పరికరం) ప్రతిధ్వనిని సరిగా వినలేడు. దీనికి మందుగా ఇంకా చిన్న ఓడను కట్టలేదు. అదే రీడ్ తర్వాత రివర్ తరగతిని గీశాడు. అదే రకం ఇంజిన్ ఒకటికి బదులు రెండు పెట్టాడు, పొడవును 62 మీటర్ల నుంచి 92కు పెంచాడు, వేగం 20 నాట్లకు చేరింది. చవక ఎస్కార్ట్‌లో తేలిన దోషాన్ని పొడవు పెంచి సరిచేశారు. ఈ వాదంలో ఫ్లవర్ పేరు ఎత్తేవాళ్లు రివర్ సంగతి మరిచిపోవడం మామూలే.

అదే యుద్ధం నుంచి ఇంకో లెక్క వచ్చింది. కాన్వాయ్‌లో ఓడల సంఖ్య రెట్టింపైతే అది పరుచుకునే వైశాల్యం రెట్టింపవుతుంది, చుట్టుకొలత మాత్రం దాదాపు 1.4 రెట్లే పెరుగుతుంది. ఎస్కార్ట్‌లు కాచేది చుట్టుకొలతను. బ్రిటన్ శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ బృందం ఈ సంగతి తేల్చాక పెద్ద కాన్వాయ్‌లు నడపడం మొదలైంది. అంటే ఎస్కార్ట్‌ల కొరతను కొత్త ఓడలతోనే తీర్చాలని లేదు, ప్రయాణాలను కూర్చే పద్ధతితో కూడా కొంత తీర్చవచ్చు. అయితే ఈ లెక్క ఒక్కో ఎస్కార్ట్ తన వంతు అంచును నిజంగా కాయగలిగితేనే పనిచేస్తుంది.

ఆ షరతు తప్పితే ఏమవుతుందో 1971లో కనిపించింది. బ్రిటన్ 1950లలో టైప్ 14 అనే రెండో శ్రేణి, అంటే డిస్ట్రాయర్ కంటే చిన్నదైన, ఫ్రిగేట్‌ను కట్టింది. యుద్ధం వస్తే పెద్ద సంఖ్యలో త్వరగా కట్టుకోవాలన్నది ఆలోచన. ఒకే ప్రొపెల్లర్, ప్రధాన ఫిరంగి లేదు, మూడు 40 మి.మీ. తుపాకులు, జలాంతర్గాముల మీదికి బాంబులు విసిరే రెండు లింబో మోర్టార్లు, అంతే. భారత్ కొన్న మూడింటిలో ఖుక్రీ ఒకటి. డిసెంబర్ 9న అరేబియా సముద్రంలో అది పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్‌ను వెతుకుతోంది. ఫ్రెంచి డాఫ్నే తరగతికి చెందిన హంగోర్, ఖుక్రీ సోనార్ పట్టగల దూరం కంటే ఎక్కువ దూరం నుంచి ఖుక్రీని వినగలిగింది. టార్పెడో తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఓడ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడను కట్టిందే జలాంతర్గాములను వేటాడటానికి. డబ్బు మిగలాలని అన్నీ తీసేసి ఉంచిన ఆ ఒక్క పనిలోనే అది వెనకబడిపోయింది. చవక ఓడ పది పనులు చేయకపోయినా నష్టం లేదు. చేయడానికి ఒప్పుకున్న పనిలో మాత్రం వెనకబడకూడదు.

డబ్బు పోయేది ఎక్కడ

యుద్ధనౌకకు హల్, అంటే ఉక్కు శరీరం, ఖరీదైన భాగం కాదు. రాడార్, సోనార్, క్షిపణులు, వాటిని కలిపి నడిపే కంప్యూటర్ వ్యవస్థ, ఆ తర్వాత ఇంజిన్లు, గేర్‌బాక్స్, వందల కిలోమీటర్ల కేబుల్, వీటికే డబ్బు పోతుంది. ఓడ పొడవు 100 మీటర్ల నుంచి 130కి పెంచితే ఉక్కు, వెల్డింగ్, రంగు పెరుగుతాయి. రాడార్ ధర పెరగదు. పైగా పెద్ద ఓడలో పైపులు, కేబుళ్లు వేసేవాడికి చేతులు ఆడతాయి. ఇరుకు ఓడలో ఒక పంపు మార్చాలంటే ముందు మూడు పైపులు విప్పాలి, మళ్లీ బిగించాలి, మళ్లీ పరీక్షించాలి. ఆ పని గంటలన్నీ ఓడ బతికినన్నాళ్లూ బిల్లులో కనబడుతూనే ఉంటాయి.

పొడవు తగ్గిస్తే ఇంకో నష్టం ఉంది, అది రాడార్ ఎత్తు. సముద్రం మీద రాడార్ చూడగల దూరాన్ని భూమి వంపు నిర్ణయిస్తుంది. రాడార్ ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం, లక్ష్యం ఎత్తుకు వర్గమూలం, రెండూ కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. రాడార్ 25 మీటర్ల ఎత్తున ఉండి, క్షిపణి అలల మీద 5 మీటర్ల ఎత్తున వస్తుంటే దాదాపు 30 కిలోమీటర్ల దగ్గర కనబడుతుంది. రాడార్‌ను 16 మీటర్లకు దించితే ఆ దూరం 26 కిలోమీటర్లకు పడిపోతుంది. సెకనుకు 300 మీటర్ల వేగంతో వచ్చే క్షిపణికి ఆ తేడా 13, 14 సెకన్లు. గుర్తించడానికి, శత్రువుదేనని తేల్చుకోవడానికి, క్షిపణిని వదలడానికి, అది తప్పితే రెండోది వదలడానికి ఉన్నదంతా కలిపి నిమిషంన్నరే అయినప్పుడు 14 సెకన్లు చిన్న విషయం కాదు. మరి చిన్న ఓడ మీదే రాడార్‌ను ఎత్తున పెట్టొచ్చు కదా అంటే కుదరదు. పైన బరువు పెరిగితే గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది, ఓడ ఒరిగి తిరిగి లేచే శక్తి తగ్గుతుంది. రాడార్‌ను నిలిపే ఎత్తైన మాస్ట్ (స్తంభం) కావాలంటే వెడల్పు కావాలి, వెడల్పు పెరిగితే దానికి తగ్గ పొడవు కావాలి.

బ్రిటన్ టైప్ 42 డిస్ట్రాయర్ల విషయంలో ఇదే జరిగింది. ఖర్చు మిగులుతుందని మొదటి ఓడలను 125 మీటర్లకు కుదించారు. ముక్కు భాగం కురచ కావడంతో ఎదురు అలల్లో ముందు డెక్ మునిగి తేలేది, లోపల కొత్త పరికరాలకు చోటు మిగల్లేదు. మూడో విడత ఓడలను 141 మీటర్లకు పొడిగించాల్సి వచ్చింది. మిగిలిందనుకున్న డబ్బు మిగలనే లేదు.

మరి ఎక్కడ తగ్గించాలి? మొట్టమొదట వేగంలో. ఓడను తోయడానికి కావలసిన శక్తి దాదాపుగా వేగం ఘనంతో పెరుగుతుంది. 28 నాట్ల నుంచి 40కి వెళ్లాలంటే శక్తి మూడు రెట్ల దాకా కావాలి. అంత శక్తికి పెద్ద గ్యాస్ టర్బైన్లు, వాటిని డీజిళ్లతో కలిపే సంక్లిష్టమైన గేర్, లోపలికి గాలి తెచ్చే భారీ గొట్టాలు, పొగ పోయే మార్గాలు కావాలి. ఇవన్నీ ఓడ నడుమ భాగాన్ని మింగేస్తాయి.

ఎస్కార్ట్‌కు ఆ వేగంతో నిజంగా పని ఉందా? సరుకు నౌకల కాన్వాయ్ 16 నాట్లతో వెళుతోంది, అనుమానం వచ్చిన చోట వెతకడానికి ఎస్కార్ట్ ఆగిపోయి 20 సముద్ర మైళ్లు వెనకబడింది అనుకుందాం. 26 నాట్ల ఓడకు కాన్వాయ్‌ను అందుకోవడానికి రెండు గంటలు పడుతుంది. 40 నాట్ల ఓడకు 50 నిమిషాలు. ఆదా అయింది 70 నిమిషాలు, దానికి పెట్టిన శక్తి మూడున్నర రెట్లకు పైన. అదే 20 మైళ్లను 120 నాట్ల హెలికాప్టర్ 10 నిమిషాల్లో దాటుతుంది. వేగం కావలసింది వెతికే చేతికి, ఓడ మొత్తానికి కాదు. అందుకే తెలివైన డిజైన్ ఇంజిన్ గదిలో మిగిలిన డబ్బును హెలికాప్టర్ నిలిపే హ్యాంగర్‌లో పెడుతుంది.

లిట్టోరల్ కంబాట్ షిప్ (తీర జలాల యుద్ధనౌక) దీనికి సరిగ్గా వ్యతిరేక దారిలో వెళ్లింది. అమెరికా ఈ ఓడను ఒక్కోటి 22 కోట్ల డాలర్లలో కట్టాలనుకుంది. 40 నాట్లు దాటాలని షరతు పెట్టింది. ధర 50 కోట్లు దాటింది. ఫ్రీడమ్ రకంలో టర్బైన్‌ను, డీజిల్‌ను కలిపే గేర్ లోపాలు బయటపడ్డాయి. 2021 జనవరిలో అది సరిచేసేదాకా కొత్త ఓడలు తీసుకోబోమని నౌకాదళం ఆపేసింది. పనిని బట్టి పరికరాల పెట్టెలు మార్చుకుందామన్న ఆలోచన కూడా సాగలేదు. ఒక పెట్టెతో పాటు దాన్ని నడిపే బృందం, ఆ బృందానికి శిక్షణ, పెట్టెను దాచే గోదాము కూడా కావాలి. ఇవన్నీ ఓడ ఉన్న రేవులోనే, ఆ రోజే సిద్ధంగా ఉండాలి. అలా ఎప్పుడూ ఉండవు. జలాంతర్గాముల వేట పెట్టెను 2022లో వదిలేశారు. 2018 నవంబర్‌లో సేవలో చేరిన సూ సిటీ అనే ఈ రకం ఓడను 2023 ఆగస్టులో పక్కన పెట్టారు. అయిదేళ్లు కూడా నిండలేదు.

తగ్గించకూడనివి

ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే చవక నౌకల పథకాలు ఎక్కువగా చెడేది ఈ మెట్టు మీదే. ఏది తీసేస్తే ఓడ చవకవుతుంది, ఏది తీసేస్తే ఓడ ఇంకో ఓడకు బరువవుతుంది అన్న గీత స్పష్టంగా గీసుకోవాలి. తనను తాను కాచుకోలేని ఎస్కార్ట్‌కు మరో ఎస్కార్ట్ కావాలి. అది బలగంలో ఒకటి కూడటం కాదు, ఒకటి తీసేయడం.

మొదటిది దగ్గరి గాలి రక్షణ. 100 కిలోమీటర్ల అవతల విమానాన్ని కూల్చే క్షిపణి, దానికి తగ్గ భారీ రాడార్ చవక ఎస్కార్ట్‌కు అక్కర్లేదు. అది డిస్ట్రాయర్ పని. కానీ తన మీదికి, పక్కనున్న సరుకు నౌక మీదికి వచ్చే క్షిపణిని ఆపగలగాలి. నిలువు గదుల పెట్టె ఒకటి, అందులో 8 గదులు, ఒక్కో గదిలో నాలుగేసి చిన్న క్షిపణులు అంటే మొత్తం 32. ఒక్కో లక్ష్యానికి రెండు వదిలే పద్ధతిలో 16 లక్ష్యాలకు సరిపోతాయి. ఎర్ర సముద్రంలో కనిపించిన దాడుల తీరు చూస్తే 16 ఒక కష్టమైన రోజుకు చాలొచ్చు, ఒక కష్టమైన వారానికి చాలదు.

అందుకే డ్రోన్ల పని తుపాకులకు అప్పగించాలి. సెకనుకు 50 మీటర్లతో వచ్చే ప్రొపెల్లర్ డ్రోన్ 4 కిలోమీటర్లు దాటడానికి 80 సెకన్లు తీసుకుంటుంది. నిమిషానికి 220 గుండ్లు పేల్చే 57 మి.మీ. ఫిరంగికి అది బోలెడు సమయం. అదే 4 కిలోమీటర్లను క్షిపణి 13 సెకన్లలో దాటుతుంది, కాబట్టి తుపాకీ ఒక్కటే ఉంటే సరిపోదు. రెండూ కావాలి, రెంటికీ వేర్వేరు గురి వ్యవస్థలు కావాలి. వేల డాలర్ల డ్రోన్ మీదికి 20 లక్షల డాలర్ల క్షిపణి వదిలారని పెద్ద నౌకలను తప్పుపట్టడం మాత్రం న్యాయం కాదు. ఆ డ్రోన్ వెళుతున్నది మనుషులున్న ఓడ మీదికి. తుపాకీ అందుకోలేని చోట క్షిపణే వదలాలి.

రెండోది చెవి. ఓడ అడుగున ఉండే సోనార్ ఒక్కటే ఆధునిక జలాంతర్గామికి సమాధానం కాదు. నీటి ఉష్ణోగ్రత పొరల కింద దాక్కున్న జలాంతర్గామి పైనుంచి వచ్చే ధ్వనికి దొరకదు. ఓడ వెనక పొడవైన కేబుల్‌తో లాగే సోనార్‌ను ఆ పొరల కిందికి దించాలి. దానికి వెనక డెక్ మీద భారీ వించ్, కేబుల్ డ్రమ్, వాటి బరువును మోసే పొడవు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, లాగే ఓడ నిశ్శబ్దంగా ఉండాలి. డీజిల్ ఇంజిన్‌ను సూటిగా డెక్‌కు బిగిస్తే దాని కంపనం హల్ గుండా నీళ్లలోకి దిగుతుంది. రబ్బరు దిమ్మెల మీద నిలిపిన చట్రంలో పెట్టాలి, వీలైతే జనరేటర్లు నీటిమట్టానికి పైన పెట్టాలి, తక్కువ వేగంలో ప్రొపెల్లర్‌ను విద్యుత్ మోటారుతో తిప్పాలి.

బ్రిటన్ టైప్ 23 దీనికి మంచి నిదర్శనం. మొదట అది హ్యాంగర్ కూడా లేకుండా సోనార్ లాగే చవక ఓడగా మొదలైంది. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో సరైన గాలి రక్షణ లేని ఓడల గతి చూశాక దానికి 32 సీ వుల్ఫ్ క్షిపణులు, ఫిరంగి, హ్యాంగర్ చేర్చారు. అయినా నిశ్శబ్ద యంత్రాల మీద పెట్టిన ఖర్చును ఏ దశలోనూ కోయలేదు. 18 ఏళ్ల ఆయుష్షు అనుకుని కట్టిన ఆ ఓడల్లో కొన్ని 30 ఏళ్లు దాటి కూడా జలాంతర్గాముల వేటలో ముందున్నాయి.

హెలికాప్టర్ సంగతి పైన వచ్చింది. పది టన్నుల హెలికాప్టర్‌కు డెక్, హ్యాంగర్, ఇంధన ట్యాంకు, టార్పెడోల గది, ఎగిరేవాళ్లూ మరమ్మతు చేసేవాళ్లూ కలిపి ఇరవై మంది దాకా ఉండాలి. ఓడ కురచదైతే డెక్ ఎంత వెడల్పున్నా ప్రయోజనం ఉండదు, అలల్లో వెనక భాగం లేచి పడుతుంటే హెలికాప్టర్ దిగలేదు. ప్రశాంత సముద్రంలో మాత్రమే ఎగిరే హెలికాప్టర్‌ను లెక్కలో వేసుకోవడం తనను తాను మోసం చేసుకోవడమే. అమెరికా పెర్రీ తరగతి ఫ్రిగేట్లను కూడా కొత్త సీహాక్ హెలికాప్టర్ కోసం వెనకవైపు పొడిగించాల్సి వచ్చింది.

మూడోది మనుషులు, దీని గురించి తక్కువగా మాట్లాడతారు. పెర్రీ తరగతి ఓడ స్టార్క్‌కు 1987 మే 17న రెండు ఎగ్జోసెట్ క్షిపణులు తగిలాయి, 37 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న అదే తరగతికి చెందిన శామ్యూల్ బి. రాబర్ట్స్ సముద్రంలో పెట్టిన మందుపాతర (మైన్) మీదికి వెళ్లింది. 1,500 డాలర్ల మైన్ ఓడ వెన్ను విరిచింది, మరమ్మతుకు దాదాపు 9 కోట్ల డాలర్లు అయింది. రెండు ఓడలూ మునగలేదు. గట్టిగా కట్టినందుకు మాత్రమే కాదు, గంటల తరబడి మంటలు ఆర్పడానికి, నీళ్లు తోడటానికి, పగిలిన గోడలకు ఉక్కు తాళ్లు బిగించడానికి 200 మంది మనుషులు ఉన్నందుకు.

ఇప్పటి ఓడల్లో సిబ్బందిని బాగా తగ్గించారు. జపాన్ మొగామి తరగతికి 90 మంది చాలు. జీతాలు, తిండి, పడకలు, నీళ్లు అన్నీ ఓడ జీవితకాల ఖర్చులో పెద్ద వాటాలే కాబట్టి ఇది నిజమైన ఆదా. కానీ 90 మందిలో మొదటి దెబ్బకే 35 మంది చనిపోయో గాయపడో పోతే మిగిలిన 55 మందిలో ఓడ నడిపేవాళ్లు, ఆయుధాల దగ్గర ఉండేవాళ్లు, గాయపడ్డవాళ్లను మోసేవాళ్లు పోను మంట దగ్గరికి వెళ్లేది ఎంతమంది? వేడిలో గాలి సిలిండర్ తగిలించుకున్న బృందం ఎక్కువసేపు పనిచేయలేదు, మార్చాలి. మార్చడానికి రెండో బృందం ఉండాలి. సిబ్బందిని తగ్గించే డిజైన్ దానికి బదులుగా స్వయంచాలక నీటి చిమ్మర్లు, దూరం నుంచి మూసే కవాటాలు, ఒకటి తెగినా ఇంకొకటి పనిచేసే విద్యుత్ లైన్లు ఇవ్వాలి. వీటిని ఖర్చు తగ్గింపు పేరుతో కోస్తే సిబ్బందిని తగ్గించడం ప్రాణాలతో ఆట.

పెర్రీలో ఇంకో చిన్న విషయం ఉంది. ఖర్చు తగ్గించడానికి ఒకే ప్రొపెల్లర్ పెట్టారు, అది సాహసమే. కానీ హల్ కింద ముడుచుకునే రెండు చిన్న సహాయక ప్రొపెల్లర్లు కూడా ఇచ్చారు. రాబర్ట్స్ ప్రధాన యంత్రాలు దిమ్మెల నుంచి ఊడిపోయాక మైన్ల మధ్యనుంచి మెల్లగా బయటపడ్డది వాటి సాయంతోనే. మంచి చవక డిజైన్‌లో ఆలోచన ఇలా ఉంటుంది. రెండోదాన్ని తీసేయవచ్చు, కానీ మొదటిది పోతే ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఉండాలి.

ఒప్పందంలో జరిగే నష్టం

డిజైన్ బాగున్నా ధర చేయి దాటిపోయేది ఒప్పందం కుదిరిన తర్వాతే. అమెరికా 2020లో కాన్‌స్టెలేషన్ తరగతి ఫ్రిగేట్‌ను ఎంచుకున్నప్పుడు యూరప్‌లో అప్పటికే నడుస్తున్న ఫ్రెమ్ డిజైన్‌ను తీసుకుంది. సిద్ధంగా ఉన్నది తీసుకుంటే ప్రమాదం తక్కువ అన్నది ఉద్దేశం, అది సరైనదే. తర్వాత సొంత ప్రమాణాలు, సొంత రాడార్, సొంత పరికరాల కోసం మార్పులు మొదలయ్యాయి. 85 శాతం ఉమ్మడిగా ఉండాల్సిన డిజైన్ 15 శాతానికి పడిపోయింది. డిజైన్ పూర్తి కాకముందే ఉక్కు కోయడం మొదలుపెట్టారు. బరువు పదో వంతుకు పైగా పెరిగింది, మొదటి ఓడ మూడేళ్లు ఆలస్యమైంది. 2025 నవంబర్‌లో మొదటి రెండూ మినహా మిగిలిన వాటిని రద్దు చేశారు. ఆ తర్వాతి నెలలోనే తీరరక్షక దళం లెజెండ్ తరగతి ఓడ ఆధారంగా ఇంకో ఫ్రిగేట్‌ను ప్రకటించారు. సిద్ధంగా ఉన్న డిజైన్ కొని, దాన్ని మార్చడం అంటే కొత్త డిజైన్ చేయడమే. పైగా పాత హల్ పరిమితులు కూడా నెత్తిన ఉంటాయి.

బ్రిటన్ టైప్ 31ను వేరే దారిలో నడిపింది. అయిదు ఓడలు, సగటున ఒక్కోటి 25 కోట్ల పౌండ్లు అని ముందే గీత గీసింది. డెన్మార్క్ ఈవర్ హుయిట్‌ఫెల్డ్ హల్‌ను తీసుకుంది. ఇది చిన్నది కాదు, దాదాపు 139 మీటర్లు, 5,700 టన్నులు. 57 మి.మీ. ఫిరంగి, రెండు 40 మి.మీ. తుపాకులు, సీ సెప్టర్ క్షిపణులు, హెలికాప్టర్, 100 మందికి కాస్త అటూఇటూ సిబ్బంది. తొలి రూపంలో హల్ సోనార్ లేదు, కాబట్టి జలాంతర్గాముల దగ్గరికి దీన్ని పంపకూడదు. ఆ పని బ్రిటన్‌దే మరో ఫ్రిగేట్ అయిన టైప్ 26ది. లోపల మాత్రం బోలెడు ఖాళీ ఉంది. నిలువు క్షిపణి గదులు తర్వాత చేర్చాలన్న నిర్ణయం తీసుకోగలిగింది ఆ ఖాళీ వల్లే. పెద్ద హల్‌ను తక్కువ పరికరాలతో కట్టడం అంటే ఇదే.

అయినా ఈ దారిలో కూడా ఒక గుంత ఉంది, అది ఆ మాతృ డిజైన్‌లోనే బయటపడింది. డెన్మార్క్ తన ఓడల ధర తగ్గించడానికి పాత నౌకల ఆయుధాలను మళ్లీ వాడుకుంది. 2024 మార్చిలో ఎర్ర సముద్రంలో ఈవర్ హుయిట్‌ఫెల్డ్ మీదికి డ్రోన్లు వచ్చినప్పుడు రాడార్‌కు, క్షిపణి వ్యవస్థకు పొత్తు తప్పి దాదాపు అరగంట క్షిపణులు వదలలేకపోయింది. 76 మి.మీ. గుండ్లలో సగం దాకా ఓడకు దగ్గరలోనే ముందుగా పేలాయి. డ్రోన్లను కూల్చి ఓడ బయటపడింది కానీ, ఏప్రిల్‌లో రక్షణ దళాల అధిపతి పదవి కోల్పోయాడు. అక్కడ తప్పింది ఒక్కో పరికరం కాదు, వాటి కలయిక. ఒక చోట కొన్న రాడార్, ఇంకో చోట కొన్న క్షిపణి, పాత ఓడ నుంచి తీసిన ఫిరంగి ఒకే కంప్యూటర్ మాట వినాలంటే తీరం మీద వాటన్నిటినీ కలిపి నెలల తరబడి పరీక్షించే కేంద్రం ఒకటి కావాలి, ఏటా నిజమైన గుండ్లతో, క్షిపణులతో కాల్పులు జరగాలి. బడ్జెట్ బిగిసినప్పుడు ముందుగా పోయేవి ఈ రెండే. ఈ తప్పు రేవులో ఉన్నంత కాలం ఎవరికీ కనబడదు.

చిన్న నౌకకు తగిన చోటు

ఇంత చెప్పాక కూడా 1,000, 1,500 టన్నుల ఓడకు పని లేదని అర్థం కాదు. తీరానికి దగ్గరగా, సొంత విమానాల నీడలో, తక్కువ లోతు నీళ్లలో వాటికి మంచి పని ఉంది. భారత్ కడుతున్న 16 తీర జలాంతర్గామి వేట ఓడల్లో మొదటిది అర్నాలా 2025 జూన్‌లో సేవలో చేరింది. సుమారు 78 మీటర్లుండే ఆ ఓడను మహాసముద్రం దాటించాలని ఎవరూ అనుకోవడం లేదు. రేవు ముంగిట కాపలా దాని పని.

చైనా టైప్ 056 కార్వెట్లు ఇంకా స్పష్టంగా చెబుతాయి. దాదాపు 1,500 టన్నుల ఈ ఓడలను 70కి పైగా కట్టారు. తర్వాత మొదటి 22ను తీరరక్షక దళానికి ఇచ్చేశారు. ఇచ్చేసినవి లాగే సోనార్ లేనివి. ఉన్నవాటిని నౌకాదళం తన దగ్గరే ఉంచుకుంది. పడవ పరిమాణం ఒకటే, చెవి ఉందా లేదా అన్నదే తేడా.

రష్యా ప్రాజెక్ట్ 22160 గస్తీ ఓడలు చేదు ఉదాహరణ. పెట్టెలు మార్చుకునే ఆలోచనతో, బలహీనమైన గాలి రక్షణతో కట్టారు. 2022లో యుద్ధం మొదలయ్యాక వాటిలో ఒకదాని హెలికాప్టర్ డెక్ మీద నేల మీద వాడే టార్ క్షిపణి వ్యవస్థను నిలబెట్టాల్సి వచ్చింది. దాంతో హెలికాప్టర్ పోయింది. 2024 మార్చిలో వాటిలో సెర్గేయ్ కోటోవ్ అనే ఓడను ఉక్రెయిన్ సముద్ర డ్రోన్లు ముంచేశాయి. గస్తీ కోసం కట్టిన ఓడను యుద్ధంలో ఎస్కార్ట్‌గా వాడితే ఇలాగే ఉంటుంది.

మనుషులు లేని ఓడల మాట ఈ మధ్య ఎక్కువగా వినబడుతోంది. 40 మీటర్ల సీ హంటర్ 2016లోనే నీళ్లలోకి దిగింది. సోనార్ లాగుతూ రోజుల తరబడి ఒకే వరసలో తిరగడం వంటి పనికి అవి బాగా సరిపోతాయి. కానీ ఒక వాణిజ్య నౌక మీదికి ఎక్కి తనిఖీ చేయడం, మంటల్లో ఉన్న ఓడ నుంచి నావికులను దించడం, ఎదురుగా వస్తున్న పడవ జాలరిదా శత్రువుదా అని తేల్చడం వాటి వల్ల కాదు. కాన్వాయ్ పక్కన నడిచే ఎస్కార్ట్‌కు అవి అదనపు చెవులవుతాయి, దాని చోటును తీసుకోలేవు.

ఇక సంఖ్యల లెక్క మళ్లీ ఒకసారి. మూడు డిస్ట్రాయర్లకు సిబ్బంది వెయ్యి మందికి కాస్త తక్కువ. 110 మంది చొప్పున తొమ్మిది ఫ్రిగేట్లకు కూడా దాదాపు అంతే. మనుషులు పెరగకుండానే ఓడలు మూడింతలవుతాయి. అయితే తొమ్మిది ఓడలకు తొమ్మిది మంది కెప్టెన్లు, తొమ్మిది మంది ప్రధాన ఇంజినీర్లు, తొమ్మిది సోనార్ బృందాలు కావాలి. కుర్ర నావికులు రెండేళ్లలో తయారవుతారు, అనుభవం ఉన్న ఇంజినీరు తయారవ్వడానికి పదిహేనేళ్లు పడుతుంది. కాబట్టి ఓడల ఆర్డర్ కంటే ముందే శిక్షణ బడులు పెంచాలి.

గుండ్ల నిల్వ సంగతి కూడా ఇలాంటిదే. 32 క్షిపణుల ఓడ తొందరగా ఖాళీ అవుతుంది. నిలువు గదులను సముద్రం మధ్యలో నింపడం ఇప్పటికీ మామూలు పని కాదు, నింపుకోవడానికి రేవుకు పోవాలి. పోయి వచ్చే రోజులన్నీ కాన్వాయ్‌కు కాపలా లేని రోజులే. అమెరికా 2024 అక్టోబర్‌లో చోసిన్ అనే క్రూజర్ మీద, ప్రయాణంలో ఉండగానే క్షిపణి డబ్బాను గదిలోకి దించే పరికరాన్ని పరీక్షించింది. కొన్ని మీటర్ల పొడవున్న డబ్బాను నిలువుగా పట్టుకుని, దానికి కొద్దిగానే పెద్దదైన రంధ్రంలోకి దించాలి. కింద డెక్ ఊగుతూ ఉంటుంది. 9,000 టన్నులు పైబడిన క్రూజర్ మీదే అది నేర్పుతో కూడిన పని. 90 మీటర్ల కార్వెట్ డెక్ మీద అదే డబ్బాను దించడానికి సముద్రం ఎన్ని రోజులు శాంతించాలో డిజైన్ కాగితం మీద పొడవు రాసేటప్పుడే లెక్కవేయాలి.